ఒకే ఇంట్లో ఇద్దరు గంగవ్వలు

కామత్‌ఘర్, భివండీ
శుక్రవారం

అక్కకు,

నీ చెల్లెలు సరళ మొక్కి రాస్తున్నది. నువ్వూ బావా పిల్లలూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? డాక్టరు రాసిచ్చిన నూనె రాసుకుంటున్నదా, లేక “రేపు రాసుకుంట తియ్యి” అంటూ సీసాను కిటికీలోనే ఉంచుతున్నదా? ఈ ఉత్తరాన్ని ఆమెకు చదివి వినిపించు. ఇందులో నాయనమ్మ మాట కూడా వస్తుంది. నేను బాగానే ఉన్నాను. చివరిదాకా చదివిన తర్వాత కూడా నేను బాగానే ఉన్నానని నమ్ము.

నేను అడిగిన ఆ బడి కాగితం ఎందుకో, దానివల్ల పని అయిందో లేదో నువ్వు ఫోన్‌లో మూడుసార్లు అడిగావు. మూడుసార్లూ “తర్వాత చెప్తా” అన్నాను. మా గది కింద సాంచాలు, అదే మరమగ్గాలు, నడుస్తుంటే నా మాట నాకే వినబడదన్నది ఒక కారణం. జరిగిన తప్పు నాదే కావడం రెండో కారణం. తప్పును ఫోన్‌లో అరిచి చెప్పుకోవడం కష్టం అక్కా. ఇవాళ శుక్రవారం, మగ్గాలకు సెలవు. వాడంతా చప్పుడు లేకుండా ఉంది. అందుకే కూర్చుని, జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను.

తెలుగు బడిలో పాఠాలతో పాటు ఈ ఏడాది నాకు ఓటర్ల జాబితా పని కూడా అప్పగించారని నీకు తెలుసు. నాలుగు గల్లీలు నావి. ఇల్లిల్లూ తిరిగి, జాబితాలో ఉన్న మనిషి ఉన్నదా, ఊరు విడిచిపోయిందా, చనిపోయిందా, ఒకే మనిషి పేరు రెండుసార్లు పడిందా అని చూసి గుర్తు పెట్టాలి. వచ్చే నెల నగరపాలిక ఎన్నికలు. నేను పెట్టిన గుర్తును బట్టే పేరు ఉండడమో పోవడమో జరుగుతుంది. నా సంగతి నీకు తెలుసు గదా, చిల్లర లెక్కపెట్టినా రెండోసారి చూసుకుంటాను. ఈ పనికి నేను సరిపోతానని అందరూ అన్నారు. నేనూ అనుకున్నాను.

మా గల్లీలోనే నాలుగు ఇండ్ల అవతల గంగవ్వ అనే పెద్దామె ఉంటుంది. భర్త పోయి చాలా ఏండ్లయింది. కొడుకు శంకర్ సాంచాల మీద పనిచేస్తాడు. కోడలు సుగుణ పక్క కార్ఖానాలో కండెలు చుడుతుంది. గంగవ్వ రోజంతా గడపలో కూర్చుని బీడీలు చేస్తుంది. వాళ్లది కోరుట్ల దిక్కు. నేను ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో, గ్యాసు దొరకక రెండు పూటలు వడాపావ్ తిని పడుకున్నప్పుడు, ఇంత మక్క గట్కా చింతపండు పచ్చిపులుసూ పంపింది ఆ ఇల్లే. పంపింది అత్త, తెచ్చింది కోడలు.

జాబితాలో ఆ ఇంటి నంబరు కింద గంగవ్వ పేరు రెండు వరుసల్లో ఉంది. పేరు గంగవ్వ, పక్కన శంకర్. మళ్లీ పేరు గంగవ్వ, పక్కన శంకర్. ఒకచోట వయసు అరవై మూడు, ఇంకోచోట నలభై ఒకటి. వయసులు తప్పుగా పడడం నేను రోజూ చూస్తున్నదే. ఫోటోలు రెండూ మసిబారి ఉన్నాయి. పక్కనే సంబంధం చెప్పే గడి ఒకటి ఉంది. దాన్ని నేను చదవలేదు. ఒక్క గడి, అక్కా.

నేను వెళ్లినప్పుడు కోడలు పనికి పోయింది. గంగవ్వ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండానే “కూసో టీచరమ్మా” అన్నది.

“గంగవ్వా, నీ పేరు జాబితల రెండుసార్లు పడ్డది.”

“రెండుసార్లెందుకు పడ్తది? ఈ ఇంట్ల గంగవ్వను నేనొక్కదాన్నే.”

“ఇంకో గంగవ్వ ఎవరన్న ఉంటున్నరా?”

“ఇంకో గంగవ్వ ఉంటే నేను ఊకుంటనా?” అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. ఆ మాటే కాగితం మీద రాసి, కింద ఆమె వేలిముద్ర వేయించుకున్నాను. రెండో వరుసకు ఎదురుగా, పేరు రెండుసార్లు పడిందన్న గుర్తు పెట్టాను. సుగుణ పేరు జాబితాలో లేదు గనుక, ఆమె నింపాలని కొత్త ఫారం ఒకటి గడపలో పెట్టి వచ్చాను. నేను చాలా జాగ్రత్తగా పనిచేశానని అనుకుంటూ మెట్లెక్కాను.

మూడు వారాల తర్వాత, కొట్టేసిన పేర్లు మా బడి గోడకు అంటించారు. ఆ సాయంత్రం బడి వదిలే వేళకు సుగుణ గేటు దగ్గర నిలబడి ఉంది. జుట్టునిండా దూది నూగు. పని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

“టీచరమ్మా, నన్నెందుకు కొట్టేసిండ్రు?”

“నిన్నెక్కడ కొట్టేసిన సుగుణా? నీ పేరే లేకుండె. ఫారం ఇచ్చి పోయిన గదా.”

“నా పేరు సుగుణ గాదు.”

నాకు అర్థం కాలేదు. ఆమె గోడ దగ్గరికి నడిచి ఒక వరుస మీద వేలు పెట్టింది.

“గీమె నేనే. గంగవ్వను. మా బాపు పెట్టిన పేరు. లగ్గమైన తెల్లారి, అత్త పేరు గూడ గదేనని అరుగు మీద కూసొని మార్చిండ్రు. ఛాయ తాగినంత సేపు పట్టలే. ఎవరో సుగుణ అన్నరు, సుగుణనైన.”

మన దిక్కు ఈ పద్ధతి నీకు తెలియనిది కాదు. అత్తాకోడళ్ల పేరు ఒకటైతే, కోడలిని తిట్టినా అత్తను తిట్టినట్టే. కొడుకు పెళ్లాన్ని పిలిచినా తల్లిని పేరుపెట్టి పిలిచినట్టే. అందుకని వచ్చిన పిల్ల పేరే మారుతుంది. అయితే ఇక్కడికి వచ్చాక శంకర్ ఆమెకు ఓటు రాయించడానికి పోయినప్పుడు, వయసుకు రుజువుగా ఆమె చిన్ననాటి బడి కాగితం పెట్టాడు. అందువల్ల జాబితాలో గంగవ్వ అని పడింది. రేషన్ కార్డు తర్వాత వచ్చింది, అందులో సుగుణ. తల్లి ఓటు రాయించింది కూడా శంకరే. ఒక వరుసలో అతడు భర్త, ఇంకో వరుసలో కొడుకు. నేను చదవని గడిలో ఉన్నది ఆ తేడాయే.

సులువైన దారి ఒకటుంది. సుగుణ అన్న పేరుతో కొత్త ఫారం నింపి, రేషన్ కార్డు జత చేస్తే చాలు. మా బడి పెద్దసారు కూడా అదే చెప్పారు: “కొత్త ఫారం రాసియ్యుండ్రి మేడమ్. ఓటు వస్తది, మీ మీదికి మాట రాదు. తప్పు ఒప్పుకుంటే సంజాయిషీ నోటీసు పడుతది.” ఆయన నా మేలుకోరి చెప్పిన మాటే అది. నేను ఆ ఫారం తీసుకుని సుగుణ దగ్గరికి వెళ్లాను. వెళ్లాననే రాయాలి. వెళ్లలేదని రాస్తే అబద్ధమవుతుంది.

ఆమె ఫారం ముట్టుకోలేదు.

“ఓటు వస్తది, నిజమే. గని గంగవ్వ అని పిలిచే జాగ నాకు ఇగ ఏడ ఉంటది? బాపు పోయిండు. మా అన్నలు గూడ సుగుణకే అలవాటు పడ్డరు. ఓటు కాడ సారు చిట్టి చూసి అందరు ఇనంగ గట్టిగ పిలుస్తడు. గప్పుడు ‘ఉన్న’ అంట. గా ఒక్కసారే టీచరమ్మా. గది గూడ తీసేస్తరా?”

ఆ మాట తర్వాత నేను ఫారం మడిచి సంచిలో పెట్టుకున్నాను. అభ్యంతరాల గడువు ఇంకా తొమ్మిది రోజులు ఉంది. కొట్టేసిన పేరు తిరిగి రావాలంటే విచారణ జరగాలి. విచారణలో రెండు సంగతులు తేలాలి. మొదటిది, గంగవ్వ అనే పేరుతో ఈమె నిజంగా ఉండేదని. శంకర్ అప్పట్లో పెట్టిన కాగితం ఇప్పుడు దొరకలేదు. అందుకే నీకు ఫోన్ చేసి, ఆమె పుట్టిన ఊరి బడికి పొమ్మన్నాను. రెండు బస్సులు మారి, రిజిస్టరు వెతికించి, సంతకం పెట్టించి తెచ్చావు. కరీంనగర్ నుంచి వచ్చే ప్రైవేటు బస్సు డ్రైవరు ఆ కవరు నా చేతికిస్తూ “మీ అక్క మూడుసార్లు చెప్పింది, మడత పెట్టొద్దని” అన్నాడు. నీ రుణం నేను తీర్చుకోలేను.

రెండోది మాత్రం నీవల్లా నావల్లా అయ్యేది కాదు. ఈ ఇంట్లో గంగవ్వ ఒక్కతేనని వేలిముద్ర వేసిన అత్తే వచ్చి, కాదు ఇద్దరమని చెప్పాలి.

ఆమె రానన్నది.

“ఒక ఇంట్ల ఒక్క పేరు ఇద్దరికుంటే ఒకరికి కీడు. గందుకే తీసేసిన. ఇరువై ఏండ్లకు మళ్ల నువ్వచ్చి ఎక్కిస్తవా?” అన్నది. చేతిలో బీడీ చుట్టడం ఆగలేదు. “మొన్న నువ్వే వేలిముద్ర ఏయించుకున్నవు. ఇయ్యాల తప్పంటున్నవు. దాన్ని ఎక్కించి రేపు పొద్దున నన్ను కొట్టేయవని నమ్మకమేంది?”

నిన్ను కొట్టేయనని నేను చెప్పవచ్చు. ఆమె కోడలిని కొట్టేసిన మనిషిని గనుక ఆ మాటకు బరువు ఉండదు.

ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. కోడలు కంచం తెచ్చి పెడుతుంది, అత్త తింటుంది, ఇద్దరి నోటా ఒక్క పలుకు రాదు. శంకర్ మెట్ల మీద నాకు ఎదురుపడి, “ఏ పేరైతే ఏంది మేడమ్, గుద్దేది ఒక్క బటనే గదా. ఇంట్ల బువ్వ సయిస్తలేదు” అన్నాడు. తప్పు చేసింది నేను, నలుగుతున్నది ఆ ఇల్లు. పైన ఎండ, రేకుల కింద గది. అయినా నిద్ర పట్టేది, కానీ లేచిన వెంటనే మొదట గుర్తుకొచ్చేది ఆ గడి.

ఆ వారమే ఎనిమిదో తరగతికి ఓటు హక్కు పాఠం చెప్పవలసి వచ్చింది. ఇతర దేశాల్లో ఆడవాళ్లు ఓటు కోసం ఊరేగింపులు తీసి జైళ్లకు పోయారని చెప్పాను. మన దగ్గర ఇంగ్లీషువాళ్ల కాలంలో ఆస్తి ఉంటేనో, చదువు ఉంటేనో, ఆస్తిపరుడి భార్య అయితేనో కొద్దిమంది ఆడవాళ్లకు ఓటు దొరికేదని చెప్పాను. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం ఆడా మగా అందరికీ ఒకేసారి ఇచ్చింది. కానీ మొదటి జాబితా రాయడానికి ఇంటింటికీ పోయినప్పుడు, లక్షల మంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. ఫలానా ఆయన భార్యను, ఫలానా అబ్బాయి తల్లిని అన్నారు. సొంత పేరు లేకుండా ఓటు రాయడానికి వీల్లేదని ఆ వరుసలు కొట్టేశారు. హక్కు వచ్చింది, జాబితాలో మనిషి లేదు.

ఇది చెబుతూ ఉంటే నాకు మన నాయనమ్మ గుర్తొచ్చింది. జాబితా రాయవచ్చిన మనిషికి తలుపు చాటు నుంచి “లచ్చయ్య పెండ్లాన్ని” అన్నదట. పేరు చెప్పమంటే “గదే పేరు” అన్నదట. ఓటు రోజున అందరితో బండెక్కి పోయి, పేరు లేదంటే ఒక్కతే పొలాల గట్ల మీదుగా నడిచి వచ్చిందట. అమ్మ ఈ సంగతి చెప్పినప్పుడల్లా మనం పడీ పడీ నవ్వేవాళ్లం. ఇప్పుడు నాకు ఆ జాబితా రాసిన మనిషే ఎక్కువగా గుర్తొస్తున్నాడు. అతడు దుర్మార్గుడు కాకపోవచ్చు. నాలాగే కలం సరిచూసుకుని, గీతలు తిన్నగా గీసి, జాగ్రత్తగా పనిచేశానని అనుకుంటూ ఇంటికి పోయి ఉంటాడు.

అదే సాయంత్రం నేను పెద్దసారుకు చెప్పకుండానే వివరణ రాసేశాను. ఇంటి నంబరు, రెండు వరుసల నంబర్లు, నేను చదవని గడి, అన్నీ వేసి, పొరపాటు నాదని సంతకం చేశాను. దాన్ని పట్టుకుని గంగవ్వ గడపలోకి పోయాను. నమ్మమని అడగలేదు. జాబితా తెరిచి, రెండు వరుసలూ వేలు పెట్టి చదివాను.

ఆమె చాటను పక్కకు జరిపింది. “గిందుల నేనేడున్న?”

“ఇగో. గంగవ్వ, శంకర్ తల్లి.”

“అదేడున్నది?”

“ఇగో. గంగవ్వ, శంకర్ భార్య.”

చాలాసేపు చూసింది. చదువు రాకపోయినా చూసింది. “నా పక్కన వాడే, దాని పక్కన వాడేనా? మా ఇద్దరి నడుమ వాడెందుకచ్చిండు?” అన్నది.

వస్తానని మాత్రం అనలేదు. విచారణ బుధవారం పదకొండు గంటలకని చెప్పి లేచాను.

బుధవారం సుగుణ ఆ పూట పని మానుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నీ కవరు ఆమె చేతిలోనే ఉంది. షేర్ ఆటో దగ్గర ఇద్దరం కాసేపు ఆగాం. గల్లీ మలుపు వైపు ఆమె చూడకుండా ఉండాలని ప్రయత్నిస్తున్నదని నాకు తెలుస్తూనే ఉంది. రెండు ఆటోలు వదిలేసి మూడోదాంట్లో ఎక్కాం.

ఎన్నికల ఆఫీసు వరండాలో పొడవాటి బల్ల. మాకంటే ముందు పది మంది ఉన్నారు. లోపలి నుంచి మనిషి వచ్చి పేరు అరుస్తాడు, ఒకరు లేచి పోతారు. రెండుసార్లు పిలిచినా పలకకపోతే కాగితం అడుగుకు పోతుంది. పదకొండున్నర అయింది. ఏడుగురు అయిపోయారు. అప్పుడు మెట్ల మీద గంగవ్వ కనిపించింది. ఒక్కతే వచ్చింది. ఈ ఊళ్లో ఆమె ఒంటరిగా ఆటో ఎక్కడం అదే మొదటిసారని తర్వాత తెలిసింది. మమ్మల్ని చూసి కూడా చూడనట్టు బల్ల ఆ చివరన కూర్చున్నది. సుగుణ తల తిప్పలేదు. వాళ్లిద్దరి మధ్య నేనూ ఇంకో ముగ్గురు పరాయివాళ్లూ.

ఆమె ఎందుకు వచ్చిందో నాకు తెలియలేదు. తన పేరు కాపాడుకోవడానికే వచ్చి ఉండవచ్చు. నేనే గంగవ్వను, ఇంకెవరూ లేరని మళ్లీ ఒకసారి చెబితే విచారణ అక్కడితో ముగిసిపోతుంది. నా వివరణకు గానీ, నువ్వు పంపిన కాగితానికి గానీ విలువ ఉండదు.

ఆ ముగ్గురి పనీ అయ్యాక తలుపు మళ్లీ తెరుచుకుంది. “గంగవ్వా శంకర్!”

పెద్దామె లేవబోయింది. అరవై ఏండ్లుగా ఆ పేరుకు పలికిన ఒళ్లు గదా, దానంతటదే లేచింది. సుగుణ లేవలేదు. కవరును గట్టిగా పట్టుకుని నేల చూస్తూ ఉండిపోయింది. ఆ మనిషి రెండోసారి పిలిచాడు.

గంగవ్వ మళ్లీ కూర్చుని, కోడలి వైపు తిరిగింది.

“నిన్నే పిలుస్తున్నరు. చెవులు వినవస్తలేవా? పో, గంగవ్వా.”

వారం రోజుల తర్వాత ఆమె కోడలితో పలికిన మొదటి మాట అదే అక్కా.

లోపల అధికారి నా వివరణ చదివారు. బడి కాగితం చూశారు. ఇద్దరినీ చూసి, వీళ్లు వేరు వేరు మనుషులేనా అని హిందీలో అడిగారు. గంగవ్వ తనకు వచ్చిన హిందీలో జవాబు చెప్పింది: “సాబ్, ఏ మేరా బహూ. ఇస్కా నామ్ ఇస్కా బాప్ రఖా. మై నికాలా.” కోడలి పేరు దాని తండ్రి పెట్టాడని, తీసేసింది తానేనని ఆయన రాసుకున్నారు. అప్పుడామె బల్ల మీదికి వంగి, “మేరా నామ్ భీ రహేగా నా?” అని, తన పేరు కూడా ఉంటుంది గదా అని అడిగింది. ఆయన విసుక్కోకుండా జాబితాను ఆమె వైపు తిప్పి రెండు వరుసలూ చూపించారు. రెండూ ఉంటాయన్నారు. ఆమె వేలిముద్ర వేసింది. సుగుణ సంతకం చేయాలి. సుగుణ అని రాయడానికి అలవాటుపడిన చేయి గంగవ్వ అని రాయడానికి చాలాసేపు తీసుకుంది. ఎవరూ తొందరపెట్టలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ముగ్గురం ఒకే ఆటోలో. గంగవ్వ మధ్యలో కూర్చున్నది. నార్పోలి దాటాక అన్నది: “ఇంట్ల మాత్రం సుగుణవే. నాకు నోరు తిరగది.”

“సరే అత్తమ్మా.”

“కీడొస్తే నాకే రావాలె. పెద్దదాన్ని.”

“ఎవరికీ రాదు అత్తమ్మా. కొంగు లోపలికి తీస్కో, చక్రంల పడ్తది.”

సవరించిన జాబితా నిన్న వచ్చింది. రెండు వరుసలూ ఉన్నాయి. ఈసారి ప్రతి గడీ చదివాను. నాకు సంజాయిషీ నోటీసు కూడా నిన్ననే వచ్చింది. జవాబు రాసి ఇచ్చాను. ఏమవుతుందో తెలియదు. ఏమైనా భరించగలిగేదే అవుతుంది, నువ్వు కంగారుపడవద్దు. అమ్మకు చదివేటప్పుడు ఈ నాలుగు మాటలు వదిలేసినా ఫరవాలేదు.

వీలైతే అదే బస్సులో ఇంత ఎల్లిపాయ కారమూ, రెండు కిలోల మక్క రవ్వా పంపు. ఒక కిలో నాకు, ఒక కిలో ఆ ఇంటికి. సుగుణ అడగలేదు, నేనే అడుగుతున్నాను. బావకు నమస్కారాలు. పిల్లలకు ముద్దులు. అమ్మకు చదివేటప్పుడు ఇక్కడ కాసేపు ఆగి, నాయనమ్మ పేరు బుచ్చవ్వ అని ఒకసారి గట్టిగా చదువు. మొదటి జాబితాలో పడని పేరు ఈ కాగితం మీదైనా ఉండనీ.

ఓటు రోజున మా బడిలోనే పోలింగు. లోపల పేర్లు పిలిచే పని నాది కాదు, నేను జాబితాతో బయట బల్ల దగ్గర కూర్చోవాలి. ఆ రోజు సాంచాలు బంద్ ఉంటాయి. నా బల్లను కిటికీకి దగ్గరగా వేయించమని పెద్దసారును అడిగాను. ఎందుకని ఆయన అడిగారు. లోపల పిలిస్తే వినబడాలని చెప్పాను.

అమ్మ దీవెన, నీ దీవెన కోరుతూ,
నీ చెల్లెలు
సరళ